పై వచనం చదివావా?

డిసెంబరు 31 రాత్రి పదకొండు దాటాక మా సంఘంలో ఒక స్టీలు పళ్లెం తిప్పుతారు. అందులో చుట్టలు చుట్టి రబ్బరు వేసిన రంగు కాగితాలుంటాయి. ప్రార్థన చేసుకుని, కళ్లు మూసుకుని, ఒక్కొక్కరూ ఒకటి తీసుకోవాలి. విప్పి చూస్తే ఒక వచనం ఉంటుంది. కొత్త సంవత్సరమంతా అదే వాళ్లకి వాగ్దానం. పోయినసారి ఆ పళ్లెం మా వరసలోకి వచ్చినప్పుడు మా మనవడికి యిర్మీయా 29:11 వచ్చింది. తన ప్రజల విషయంలో దేవుడి ఆలోచన మేలే తప్ప కీడు కాదనీ, వాళ్లకి ముందు మంచి రోజులున్నాయనీ చెప్పే వచనం.

జనవరి మూడో వారంలో వాడికి అమెరికా వీసా ఇంటర్వ్యూ. ఆ కాగితం చూడగానే మా కోడలు కళ్లు తుడుచుకుంది. మర్నాడే లామినేషన్ చేయించి వాడి పర్సులో పెట్టింది. వాడు ఫోనులో స్టేటస్‌గా పెట్టుకున్నాడు. వీసా రాలేదు. ఆ తర్వాత రెండు నెలలు వాడు గుడి గడప తొక్కలేదు. ఒక ఆదివారం నేను బయల్దేరుతుంటే మంచం మీద నుంచే అన్నాడు, "దేవుడు మాటిచ్చి తప్పాడు కదా తాతయ్యా, ఇంక నన్నెందుకు రమ్మంటావు?"

చెప్పులు విప్పేసి లోపలికొచ్చి వాడి పక్కన కూర్చున్నాను. "పై వచనం చదివావా నాయనా?" అన్నాను.

"పై వచనమేంటి?" అన్నాడు వాడు.

నా బాధంతా ఆ మాటలోనే ఉంది. ఇరవై మూడేళ్ల పిల్లవాడు, తొట్టెలో ఉన్నప్పటి నుంచి గుడిలో పెరిగినవాడు, సండేస్కూల్లో బహుమతులు తెచ్చుకున్నవాడు. పదకొండుకి ముందు పది ఉంటుందని వాడికి ఎవరూ చెప్పలేదు. వాణ్ణి నేను తప్పుపట్టను. ఆ పళ్లెం తిప్పిన మా పెద్దల్ని తప్పుపడతాను. వాళ్లలో నేనూ ఉన్నాను.

మా రోజుల్లో గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న మా పల్లెకి పాస్టరుగారు నెలకొకసారి వచ్చేవారు. మిగతా రోజులు ఉపదేశిగారే. ఎనిమిదో తరగతి చదివిన మనిషి. భుజాన గుడ్డసంచి, అందులో బైబిలు, కీర్తనల పుస్తకం, అగ్గిపెట్టె. ఆయన దగ్గర వ్యాఖ్యాన గ్రంథాల్లేవు. గ్రీకు, హెబ్రీ రావు. ఆయన దగ్గరున్నవి మూడు ప్రశ్నలు. ఎవరు చెప్పారు? ఎవరితో చెప్పారు? ఏ వేళప్పుడు చెప్పారు? ఆ మూడింటికీ జవాబు వచ్చేదాకా ముందుకి కదిలేవారు కాదు. వచ్చాక గొంతు తగ్గించి నాలుగోది అడిగేవారు, "మరి నీ సంగతేంటి?"

నాకు పదేళ్లప్పుడు ఫిలిప్పీయుల పత్రిక 4:13 కంఠతా పట్టాను. తనకి బలమిచ్చే ప్రభువు వల్ల తాను దేన్నైనా చేయగలనని పౌలు రాసిన వచనం. తప్పు లేకుండా ఒప్పజెప్పిన పిల్లలకి అమెరికా నుంచి వచ్చిన రంగుబొమ్మల కార్డు ఇచ్చేవారు. గడగడా చెప్పేసి చెయ్యి చాపాను. ఉపదేశిగారు కార్డు ఇవ్వలేదు. "పై వచనం చదివావా?" అన్నారు. నీళ్లు నమిలాను. "చదువుకుని రా" అన్నారు.

ఇంటికెళ్లి లాంతరు దగ్గర కూర్చుని చదివాను. కడుపు నిండిన రోజూ ఉండగలను, ఆకలి రోజూ ఉండగలను, ఉన్నప్పుడూ లేనప్పుడూ ఎలా ఉండాలో నేర్చుకున్నాను అంటాడు పౌలు. అదీ సంకెళ్లలో ఉండి, ఫిలిప్పీ సంఘం ఎపఫ్రొదితు చేత పంపిన సాయం అందుకుని రాసిన ఉత్తరంలో. మళ్లీ ఆదివారం రెండు వచనాలూ కలిపి చెప్పాను. "ఇప్పుడు చెప్పు, ఆయన చేయగలనన్నది దేన్ని?" అని అడిగారు ఉపదేశిగారు. "పస్తుండటం కూడా అండీ" అన్నాను. ఆ ఏడు వానల్లేవు, మా ఇంట్లో పస్తులు అందరికీ తెలిసినవే. కార్డు నా చేతిలో పెట్టి, కాసేపు నా తల మీద చెయ్యి అలాగే ఉంచారు. ఆ కార్డు ఎప్పుడో పోయింది గానీ ఆ చెయ్యి బరువు ఇప్పటికీ తెలుస్తూనే ఉంటుంది. ఇవాళ అదే వచనం టీషర్టుల మీద, జిమ్ గోడల మీద, కోచింగ్ సెంటర్ల బ్యానర్ల మీద కనిపిస్తోంది. పైనున్న ఆకలిని కోసేసి, కింద మిగిలిన బలాన్ని మాత్రం అంటించుకుంటున్నారు.

ఈ వచనాల అంకెలు ప్రవక్తలు వేసినవి కావు, అపొస్తలులు వేసినవీ కావు. అధ్యాయాలుగా విడగొట్టడం పదమూడో శతాబ్దం నాటి పని. కొత్త నిబంధన వచనాలకు ఇప్పుడున్న అంకెలు 1551లో రాబర్ట్ ఎస్తియెన్ అనే ముద్రాపకుడు తన గ్రీకు ప్రతిలో వేసినవి. వెతుక్కోవడానికి వీలుగా ఉంటాయని వేశాడు. కోసుకుని జేబులో వేసుకోమని కాదు. పౌలు రాసింది ఉత్తరం. ఊరినుంచి ఉత్తరం వస్తే మధ్యలో ఒక్క ముక్క చదివి మడిచిపెట్టేస్తామా? "ఉభయకుశలోపరి" దగ్గర మొదలుపెట్టి సంతకం దాకా చదువుతాం. చదువు రానివాళ్లు పోస్టుమాను చేత రెండుసార్లు చదివించుకునేవారు.

మా నాయనమ్మ అలా చదివించుకునే మనిషే. ఆమెకి అక్షరం రాదు. పొద్దంతా కలుపు తీసి, రాత్రి కూడు తిన్నాక గోడకి జారబడి కూర్చునేది. నాన్న లాంతరు ఒత్తి పెంచి బైబిలు విప్పేవాడు. నిన్న ఎక్కడ ఆపామో అక్కడి నుంచే ఇవాళ. ఒక అధ్యాయం, బాగా పొడుగైతే సగం. నచ్చిన చోట మొదలుపెట్టి నచ్చిన చోట ఆపేయడం మా ఇంట్లో లేదు. పేర్ల జాబితాలూ చదివేవాడు, లేవీయకాండంలో కుష్ఠు పరీక్షలూ చదివేవాడు. యోబు పుస్తకం అయితే నెలన్నర పట్టింది. యోబు స్నేహితుల మాటలు వింటూ ఒక రాత్రి నాయనమ్మ అడ్డుతగిలింది. "ఒరే, వీళ్లు చెప్పేవన్నీ మంచి మాటల్లాగే ఉన్నాయి గదా, మరి చివర్లో దేవుడు వీళ్ల మీద కోప్పడతాడని మొన్న ఉపదేశిగారు చెప్పాడేంటి?" అంది. నాన్న చదవడం ఆపాడు. అక్షరం రాని ముసలమ్మకి ఆ అనుమానం ఎలా వచ్చిందో నాకు తర్వాత అర్థమైంది. ఆమె పుస్తకాన్ని ముక్కలుగా వినలేదు, మొదటినుంచి వరసగా విన్నది. బైబిల్లో ఉన్న మాట అయినంత మాత్రాన అది దేవుడు ఒప్పుకున్న మాట కానక్కర్లేదని ఆమెకి తెలుసు. ఇవాళ యోబు స్నేహితుల మాటల్ని వాగ్దానాలుగా అచ్చువేసిన క్యాలెండర్లు నేను కళ్లారా చూశాను.

ఒక సంగతి మాత్రం మరిచిపోలేను. మా పేటలో ఒకాయన జొన్నలు అప్పిచ్చేవాడు. ఇచ్చే కుంచం ఒకటి, తీసుకునే కుంచం ఒకటి. రెండూ చూడ్డానికి ఒకటే. తీసుకునేది కాస్త లోతు ఎక్కువ. అందరికీ తెలుసు, ఎవరూ అడగరు, ఆకలి రోజుల్లో ఆయన గుమ్మమే ఎక్కాలి కాబట్టి. ఒక ఆదివారం ఉపదేశిగారు లూకా పంతొమ్మిదో అధ్యాయం తీశారు. జక్కయ్య కథ. చెట్టెక్కడం గురించి పాట పాడించి వదిలేస్తారనుకున్నాం. ఆయన చెట్టు దగ్గర ఆగలేదు. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానన్న చోటుకి వచ్చి ఆగారు. ఎవరు చెప్పారు, ఎవరితో చెప్పారు, ఏ వేళప్పుడు చెప్పారు అని ఎప్పటిలాగే అడిగారు. జక్కయ్య ఇంట్లో ఉంటానని యేసు అన్న వేళప్పుడు అన్నాం. "మరి నీ సంగతేంటి?" అన్నారు. ఎవరివైపూ చూడలేదు.

మంగళవారం తెల్లవారుజామున మా అరుగు మీద చప్పుడైతే నాన్న తలుపు తీశాడు. ఆ జొన్నలాయన గోనెసంచితో నిలబడి ఉన్నాడు. నాయనమ్మ చాట తెచ్చి పెట్టింది. జొన్నలు పోస్తుంటే ఆయన చేతులు వణుకుతున్నాయి, గింజలు అరుగు మీద ఒలికిపోతున్నాయి. ఒక్క మాటా మాట్లాడలేదు. అలా ఆ వారం ఎన్ని గుమ్మాలు ఎక్కాడో. తర్వాత ఆ లోతు కుంచాన్ని పగలగొట్టి పొయ్యిలో పెట్టాడని చెప్పుకున్నారు. వాక్యాన్ని జీవితానికి అన్వయించుకోవడం అంటే ఏమిటని ఎవరన్నా అడిగితే నాకు ఇప్పటికీ కళ్లముందు ఆ ఒలికిన జొన్నలే కనిపిస్తాయి.

మొన్నటి ఉజ్జీవ కూటాల్లో మూడు రాత్రులూ ముందు వరసలో కూర్చున్నాను. బయటి నుంచి వచ్చిన ప్రసంగీకుడు మలాకీ 3:10 తీశాడు. దశమభాగం తెస్తే ఆకాశం తలుపులు తెరుచుకుంటాయన్న వచనం. దాని మీద గంటంబావు మాట్లాడాడు. ఇల్లు వస్తుంది, కారు వస్తుంది, అప్పు తీరుతుంది అన్నాడు. అదే అధ్యాయంలో ఐదు వచనాల పైన దేవుడు ఎవరిమీద సాక్ష్యం చెబుతానన్నాడో చదవలేదు. కూలీ ఎగ్గొట్టేవాళ్ల మీద, విధవరాళ్లనీ తండ్రిలేనివాళ్లనీ బాధపెట్టేవాళ్ల మీద, పరదేశికి అన్యాయం చేసేవాళ్ల మీద. ద్వితీయోపదేశకాండం తీస్తే మూడేళ్లకోసారి ఆ దశమభాగం ఎవరి కడుపు నింపాలో కూడా రాసి ఉంది. లేవీయులు, పరదేశులు, తండ్రిలేని పిల్లలు, విధవలు. ఆ రాత్రి కానుకల సంచీలు తిప్పినప్పుడు నా పక్కన కూర్చున్న ఇళ్లలో పనిచేసుకునే అమ్మాయి కొంగుముడి విప్పి ఐదొందల నోటు వేసింది. ఆ నెల ఆమెకి జీతం ఇంకా రాలేదని నాకు తెలుసు. ఆమె పక్షాన మాట్లాడే వచనం అదే పేజీలో ఉంది. ఆమెకి అది ఎవరూ వినిపించలేదు.

ఇంకో సంఘంలో, నా బంధువులున్న చోటే, కట్టడం నిధి లెక్కలు చూపించమని ఒక కుర్రాడు లేచి అడిగాడు. దేవుడు అభిషేకించినవాళ్ల జోలికి పోకూడదనే వచనం చదివి వాణ్ణి కూర్చోబెట్టారు. కీర్తన 105లోది అది. ఆ కీర్తన మొత్తం చదవండి. గుప్పెడు మంది పితరులు సొంత భూమి లేకుండా ఒక దేశం నుంచి ఇంకో దేశానికి తిరుగుతున్నప్పుడు, వాళ్లని బాధించొద్దని దేవుడు రాజుల్ని హెచ్చరించిన సందర్భం. బలం లేనివాళ్లని బలవంతుల నుంచి కాపాడిన మాట. దాన్ని బలం ఉన్నవాడు లెక్క చెప్పకుండా తప్పించుకోవడానికి వాడుకున్నారు. బెరయ పట్టణంలో వాళ్లు సాక్షాత్తూ పౌలు చెప్పినదాన్నే లేఖనాలతో సరిచూసుకున్నారని అపొస్తలుల కార్యాల్లో లూకా మెచ్చుకుంటూ రాశాడు. పౌలు ఎవర్నీ కూర్చోబెట్టలేదు.

ఇవన్నీ మా మనవడితో చెబుతుంటే వాడు మధ్యలో ఆపాడు. వాడు తెలివైనవాడు. "తాతయ్యా, మన క్లౌ దొరగారు కూడా బైబిలు విప్పితే వచ్చిన చోటు చూసే కదా నిర్ణయం తీసుకున్నది? నువ్వే చెప్పావు చిన్నప్పుడు" అన్నాడు.

చెప్పాను, నిజమే. ఒంగోలు చుట్టుపక్కల క్రైస్తవుల ఇళ్లల్లో ఆ కథ తెలియనివాళ్లుండరు. 1866లో ఒంగోలు వచ్చిన మిషనరీ జాన్ క్లౌ దొరగారి దగ్గరికి పెద్ద కులాల పిల్లలు చదువుకి వచ్చేవారు. అప్పుడే మాదిగపల్లెల్లోంచి జనం బాప్తిస్మం అడగడం మొదలైంది. వాళ్లని చేర్చుకుంటే మేము రామని పెద్ద కులాలవాళ్లు తేల్చిచెప్పారు. దొరగారు ఒక గదిలో, దొరసానిగారు ఇంకో గదిలో, ఒకరికి తెలియకుండా ఒకరు బైబిలు తెరిస్తే ఇద్దరికీ మొదటి కొరింథీ మొదటి అధ్యాయం చివరి భాగమే వచ్చిందని ఆయన జీవితకథలో ఉంది. లోకం నీచమని తోసేసినవాళ్లనే దేవుడు ఎంచుకున్నాడని పౌలు రాసిన భాగం.

"కాని అది తెరుచుకున్నాక వాళ్లకి ఏం వచ్చిందో చూడు" అన్నాను వాడితో. బడి ఖాళీ అయింది. పెద్దల స్నేహం పోయింది. ఆ వచనం వాళ్లకి ఏమీ ఇవ్వలేదు, వాళ్ల దగ్గరున్నది అడిగి తీసుకుంది. ఆ తెరిచిన తలుపులోంచే మన ముత్తాతలు వచ్చారు. తర్వాత పదేళ్లకి ధాత కరువు వచ్చింది. 1876 నుంచి 78 దాకా జనం పిట్టల్లా రాలిపోతుంటే దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించారు. బోధకులే మేస్త్రీలు. గట్టు మీద విశ్రాంతి వేళ వాక్యం చెప్పేవారు. జనం బాప్తిస్మం ఇమ్మని వెంటపడినా, కూటికోసం వచ్చారన్న మాట రాకూడదని కరువు పని సాగినంతకాలం ఇవ్వలేదు. పని ఆగిపోయాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న మన గుండ్లకమ్మలో, వెల్లంపల్లి దగ్గర, ఒక్క రోజున 2,222 మంది నీళ్లలో దిగారు. కాలువ గట్టు మీద ఉత్త చేతులతో నిలబడ్డ మనుషుల్ని ఆ రోజు దాకా ఆగమనడానికి ఎంత గుండె కావాలో ఆలోచించు. ఇవాళ ఎవరన్నా ఆగమంటున్నారా?

మా రోజులన్నీ బంగారమని నేననను, అబద్ధమాడి దేవుడి ఎదుట నిలబడలేను. మా నాన్న ఎఫెసీ పత్రికలో భార్యలు లోబడాలన్న వచనం అమ్మకి ఎన్నిసార్లు వినిపించాడో లెక్కలేదు. దాని పైనున్న వచనంలో ఒకరికొకరు లోబడమని ఉంది, కింద భర్తలు ప్రాణం పెట్టి ప్రేమించాలని ఉంది. అవి చదివినప్పుడు ఆయన గొంతు లేచేది కాదు. క్రీస్తులో అందరూ ఒక్కటేనని చెప్పే గలతీ పత్రిక మూడో అధ్యాయం గట్టిగా చదివిన సంఘాల్లోనే మాలలు ఒక పక్క, మాదిగలు ఒక పక్క కూర్చున్నారు. ప్రభువు బల్ల దగ్గర గిన్నె ముందు ఎవరికివ్వాలన్న దాని మీద పగలు పెంచుకున్నారు. ఉపదేశిగారి మూడు ప్రశ్నలూ, నాలుగోదీ, అక్కడ మేము అడగలేదు. ఆ పాపం మాది. ఇవాళ మా సంఘంలో ఆడపిల్లలు పుల్పిట్ ఎక్కి వాక్యం చదువుతున్నారు. మొన్న ఒక అమ్మాయి ఎఫెసీ ఐదో అధ్యాయం పై వచనం నుంచి మొదలుపెట్టి చదివితే నాకు మా అమ్మ గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి. ఈ కాలం తెచ్చిన మేలు అది, ఒప్పుకుంటాను.

ఆ ఆదివారం నేను గుడికి వెళ్లలేదు. మనవడి ఫోనులోనే యిర్మీయా ఇరవై తొమ్మిది తీయించి మొదటి నుంచి చదవమన్నాను. అది ఉత్తరమని వాడికి అప్పుడే తెలిసింది. యెరూషలేము నుంచి ఎల్యాశా, గెమర్యా అనే ఇద్దరి చేత బబులోనుకి పంపిన ఉత్తరం. క్రీస్తుకు పూర్వం 597లో నెబుకద్నెజరు పట్టుకుపోయిన జనానికి రాసింది. వాళ్లంతా రేపోమాపో ఇంటికెళ్లిపోతామనుకుంటున్నారు. దాని ముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త రెండేళ్లలో అంతా తిరిగొస్తుందని గుడిలో నిలబడి చెప్పాడు. జనానికి అది ఎంత తియ్యగా ఉండి ఉంటుందో! యిర్మీయా మాత్రం ఇళ్లు కట్టుకోండి, తోటలు వేసుకోండి, పిల్లలకి పెళ్లిళ్లు చేయండి అని రాశాడు. మిమ్మల్ని చెరపట్టిన ఆ ఊరి క్షేమం కోసమే ప్రార్థన చేయండి అన్నాడు. మీకు నచ్చినట్టు కలలు చెప్పే ప్రవక్తల మాట వినొద్దన్నాడు.

పదో వచనం దగ్గర వాడు ఆగాడు. "డెబ్భై ఏళ్లా?" అన్నాడు.

"ఆఁ. ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది ఇంటికి తిరిగి రాలేదు. అయినా అది వాళ్లకి రాసిందే" అన్నాను.

వాడు పదకొండోది చదివాడు, ఈసారి మెల్లిగా. తర్వాత వెనక్కి జరిపి ఏడోది మళ్లీ చదివాడు, ఊరి క్షేమం గురించిన దాన్ని. చాలాసేపు ఏం మాట్లాడలేదు. అప్పటికే ఏడు నెలలుగా వాడు ఈ ఊరిని బస్టాండులా చూస్తున్నాడు. వచ్చిన ఉద్యోగం ఒద్దన్నాడు, ఎలాగూ వెళ్లిపోతానని. ఎదురింటి పిల్లలు లెక్కలు చెప్పమని వస్తే టైము లేదన్నాడు. "నాకు ఎవరూ ఇది చెప్పలేదు తాతయ్యా" అన్నాడు చివరికి. కోపంగా అనలేదు.

మళ్లీ డిసెంబరు వచ్చింది. ఎదురింటి పిల్లలు ఇప్పుడు సాయంత్రాలు మా అరుగు మీదే ఉంటున్నారు. మొన్న సంఘపెద్దల కమిటీలో నేనొక మాట అడిగాను. పళ్లెం తిప్పొద్దని అనలేదు, ఆ పని మానిపించే శక్తి నాకు లేదు. పళ్లెం కదలకముందు యిర్మీయా ఇరవై తొమ్మిదో అధ్యాయం మొత్తం పైకి చదవనివ్వమన్నాను. పాస్టరుగారు మంచివారు. "టైము సరిపోదేమో అంకుల్, పన్నెండుకల్లా కేకు కోయాలి కదా" అన్నారు. ఇంటికొచ్చి గోడగడియారం ఎదురుగా కూర్చుని, వెలుతురు సరిగ్గా పడేలా కుర్చీ జరుపుకుని, ముప్పై రెండు వచనాలూ పైకి చదివాను. ఎక్కడా తొందరపడకుండా, పేర్లు మింగకుండా చదివితే ఏడు నిమిషాలు పట్టింది. రేపు ఆ మాట పాస్టరుగారికి ఫోను చేసి చెబుతాను.